రామోజీ ఫిల్మ్ సిటీ మొఘల్ గార్డెన్: సెట్టు కొత్తది, నక్షా పాతది

కాశీబుగ్గ నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు చాలామంది. పెళ్లికి వెళ్లినా, ఆస్పత్రి పని మీద వెళ్లినా, పిల్లలు వెంట ఉంటే ఒక రోజు రామోజీ ఫిల్మ్ సిటీకి పోతుంది. అక్కడ చూపించే వాటిలో మొఘల్ గార్డెన్ ఒకటి. మధ్యలో ఫౌంటెన్లు, రెండు పక్కలా కొలిచి కత్తిరించినట్టున్న మొక్కలు. "అబ్బా, ఇది బాద్‌షాలు కట్టించిందేనా?" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

కాదనే చెప్పాలి. ఈ ఫిల్మ్ సిటీ మొదలైంది 1996లో. రామోజీరావు కట్టించారు, ఆర్ట్ డైరెక్టర్ నితీష్ రాయ్ డిజైన్ చేశారు. 1,666 ఎకరాల్లో ఉన్న ఈ స్టూడియో ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ రికార్డుకెక్కింది. అక్కడ ఏది కట్టినా కెమెరా కోసమే. ఒకే బిల్డింగు ఒక వైపు నుంచి ఎయిర్‌పోర్టులా, ఇంకో వైపు నుంచి ఆస్పత్రిలా కనిపిస్తుంది.

కానీ తోట నక్షా మాత్రం కల్పితం కాదు. దాన్ని చార్‌బాగ్ అంటారు, అంటే నాలుగు తోటలు. నీటి కాలువలు, నడక దారులు అడ్డంగా నిలువుగా వేసి నేలను నాలుగు భాగాలు చేస్తారు. ఇది ఇస్లాం కంటే పాతది. ఇరాన్‌లోని పసర్‌గడేలో క్రీస్తుకు 500 ఏళ్ల ముందే ఇలాంటి రాజతోట ఉండేది. తర్వాత ముస్లిం పాలకులు దీన్ని సొంతం చేసుకున్నారు. సూరా ముహమ్మద్‌లో జన్నత్‌లోని నాలుగు రకాల నదుల ప్రస్తావన ఉంది కాబట్టి ఈ నాలుగు కాలువలకు ఆ అర్థం కూడా చేరింది.

హిందుస్తాన్‌కు ఈ పద్ధతిని గట్టిగా తెచ్చింది బాబర్. ఆగ్రా వేడి, దుమ్ము ఆయనకు అస్సలు నచ్చలేదు. పారే నీళ్లు లేవని విసుక్కుని, యమున ఒడ్డునే తోటలు వేయించాడు. ఆ తర్వాత ఢిల్లీలో హుమాయూన్ మక్బరా, శ్రీనగర్‌లో 1619లో జహంగీర్ మొదలుపెట్టిన షాలిమార్, ఆగ్రాలో తాజ్ మహల్, అన్నీ ఈ నక్షా మీద వేసినవే.

అసలు తోటల్లో పనితనమంతా నీళ్లలో ఉంది. మోటార్లు లేని కాలం. షాలిమార్‌లో కొండ నీళ్లు మెట్టు మెట్టుగా కిందికి దిగేవి. దిగే చోట చెక్కిన ఏటవాలు రాయి పెట్టేవారు. దాని మీద నీళ్లు పల్చగా పరుచుకుని జారతాయి. దాని పేరే చాదర్, మన ఇళ్లలో మంచం మీద పరిచే చాదరే. నడక దారులు మొక్కల మళ్ల కంటే ఎత్తుగా ఉండేవి, నడుస్తుంటే పూలు కాళ్ల దగ్గర తివాచీలా కనిపించాలని.

ఇంకో తేడా మనవాళ్లు తొందరగా పట్టేస్తారు. ఉద్దానం అన్న పేరే ఉద్యానం నుంచి వచ్చిందంటారు. ఇక్కడ తోటంటే కొబ్బరి, జీడి, పనస, అంటే కాపు ఇచ్చేది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ చెట్లను పడగొట్టినప్పుడు ఊళ్లు ఏడ్చింది అందం పోయిందని కాదు, బతుకు పోయిందని. మొఘల్ తోటలు కూడా అలంకారానికే వేసినవి కావు. వాటిలో పండ్ల చెట్లుండేవి. సెట్టులో కాపుతో పనిలేదు, పచ్చగా కనిపిస్తే చాలు.

ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లోని మొఘల్ గార్డెన్స్‌కు 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అని పేరు మార్చారు. కాబట్టి మన పిల్లలు ఆ పాత పేరును మొదట చదివేది ఈ సినిమా సెట్టు దగ్గరే కావచ్చు. ఈసారి వెళ్లినప్పుడు మధ్యలో నిలబెట్టి నాలుగు దిక్కులూ చూపించండి. బాబర్ పనసకాయ గురించి ఏమన్నాడో కూడా చెప్పండి: లోపలిది బయటికి తిప్పిన గొర్రె పొట్టలా ఉందన్నాడు. ఉద్దానం పిల్లలు నవ్వకుండా ఉండరు.