పేరు మారిన పటాలాలు, జాడ దొరకని సిపాయిలు

యుద్ధంలో పనిచేసిన సిపాయి జ్ఞాపకం మూడు చోట్ల నిలుస్తుంది: ఇంటివాళ్లు చెప్పుకొనే మాటల్లో, స్మారకాల మీద చెక్కిన పేర్లలో, పటాలం దస్త్రాల్లో. మొదటిది రెండు మూడు తరాలకే పలచబడుతుంది. రెండోది ఎక్కువగా చనిపోయినవారికే దక్కుతుంది. బతికి ఇంటికొచ్చినవారి సంగతి తేల్చేది మూడోదే. పాత నిజాం రాజ్యంలో చెల్లాచెదురైంది కూడా ఆ మూడోదే.

సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ ఊరు 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1కి ముందు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఒక తాలూకా. ఆ రోజుల్లో ఇక్కడినుంచి మిలటరీకి పోయినవారి చిరునామాలో ఉండాల్సిన జిల్లా బీదర్. ఊరికి జిల్లా మారినట్టే పటాలాలకు పేర్లూ మారాయి. ఈ రెండు మార్పులూ తెలియకుండా తాత ముత్తాతల సైనిక చరిత్ర వెతికితే దారి తప్పడం ఖాయం.

ఒకే రాజ్యం, రెండు సైన్యాలు

నిజాం రాజ్యంలో రెండు రకాల సైన్యాలు ఉండేవి. ఒకటి హైదరాబాద్ కంటింజెంట్. దీనికి జీతాల ఖర్చు నిజాంది, అధికారం బ్రిటిష్ అధికారులది. 1813లో బ్రిటిష్ రెసిడెంటు హెన్రీ రస్సెల్ పేరుతో ఏర్పడిన రస్సెల్ బ్రిగేడ్ దీనికి మూలం. 1903లో ఈ కంటింజెంట్‌ను రద్దుచేసి, దాని పటాలాలను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. రెండోది నిజాం సొంత సైన్యం. అందులోంచి 1893లో బ్రిటిష్ సామ్రాజ్య సేవ (ఇంపీరియల్ సర్వీస్) కోసం లాన్సర్ల పటాలాలను, అంటే బల్లెం పట్టిన ఆశ్విక దళాలను, విడిగా తయారుచేశారు.

అందువల్ల ఒకే ఊరివారు ఇద్దరు సైన్యంలో చేరినా, ఒకరి వివరాలు భారత సైన్యం దగ్గర, మరొకరివి నిజాం ప్రభుత్వ దస్త్రాల్లో ఉండే అవకాశం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం

1914లో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు వెళ్లి, మైసూరు లాన్సర్లతో, తర్వాత జోధ్‌పూర్ లాన్సర్లతోనూ కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో పనిచేశారు. సూయెజ్ కాలువ కాపలా, ఆపైన పాలస్తీనా పోరు వారి వంతుకు వచ్చాయి. 1918 సెప్టెంబరు 23న ఈ బ్రిగేడ్ హైఫా రేవుపట్నాన్ని పట్టుకుంది. దాడిలో ముందున్నవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. హైదరాబాద్ దళానికి అప్పుడు అప్పగించిన పని యుద్ధఖైదీల తరలింపు. ఈ మూడు సంస్థానాల సైనికుల గుర్తుగా 1922లో ఢిల్లీలో నిలిపిన మూడు విగ్రహాలవల్లే ఆ చోటికి తీన్‌మూర్తి అన్న పేరు వచ్చింది.

కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ ఇదే యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఉంది. 1916 జులై 14న సోమ్ రణరంగంలోని హైవుడ్ దగ్గర ఈ పటాలం గుర్రాలమీద దాడికి దిగింది. నేటి భారత సైన్యంలో దక్కన్ హార్స్ ట్యాంకుల పటాలం. 1965లో ఖేమ్‌కరణ్ ప్రాంతంలోని అసల్ ఉత్తర్ పోరులో పాల్గొంది.

పేరు హైదరాబాద్‌ది, సిపాయిలు వేరేవారు

కంటింజెంట్ పదాతి పటాలాలన్నీ 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా ఏర్పడ్డాయి. అప్పటికే భర్తీ ఉత్తరాదికి మళ్లింది. కుమావూన్ కొండల వారు, అహిర్లు, జాట్లు అందులో ఎక్కువయ్యారు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంటుగా మారింది. మొట్టమొదటి పరమవీర చక్ర గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంటులోనే. 1947 నవంబరులో బడ్గాంలో ప్రాణాలిచ్చేనాటికి ఆయన బెటాలియన్ పేరు 4 కుమావూన్. కాబట్టి పాత కాగితంలో ‘హైదరాబాద్ రెజిమెంటు’ అని కనబడినంత మాత్రాన ఆ సిపాయి ఇక్కడివాడని అనుకోకూడదు. ఇక్కడివాడే అయితే వివరాల కోసం వాకబు చేయాల్సింది ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో.

రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం సొంత సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ పదాతి దళం మలయాలోని కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉంది. 1941 డిసెంబరులో జపాను సేనలు దిగింది ఆ తీరానే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక వేలమంది భారతీయ సైనికులు ఖైదీలయ్యారు. వారిలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. జర్మనీలో నేతాజీ వెంట నడిచి, ఆయనతోపాటు జలాంతర్గామిలో ఆసియాకు వచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ హైదరాబాద్ వాసి. ఈ ఫౌజ్‌లో పనిచేసినవారికి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వర్తించింది. అంటే వారి జాడ మిలటరీ రికార్డుల్లోనే కాక హోంశాఖ దస్త్రాల్లోనూ వెతకాలి.

1948 తర్వాత

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యాన్ని దేశంలో కలపడానికి భారత సేనలు సోలాపూర్ దారిలో హుమ్నాబాద్, జహీరాబాద్‌ల మీదుగా, అంటే నారాయణఖేడ్ పక్కనుంచే, హైదరాబాద్ వైపు వచ్చాయి. నిజాం సైన్యం లొంగిపోయి, ఆ తర్వాత కనుమరుగైంది. అందులో పనిచేసినవారిని తలచుకోవడానికి ఏటా కవాతు చేసే పటాలం మిగల్లేదు. నిజాం ప్రభుత్వ దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉర్దూ, ఫారసీ భాషల్లో ఉన్నవే.

స్వాతంత్ర్యం తర్వాత చేరినవారి దారి కొంత సులువు. అయినా సొంత ప్రాంతానికీ పటాలం పేరుకూ పొత్తు కుదరాలని లేదు. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు నడిపింది 16 బిహార్ బెటాలియన్‌ను. కార్గిల్‌లో ప్రాణాలిచ్చిన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్యది రాజపుటానా రైఫిల్స్.

జాడ తీసే మార్గం

సిపాయిని గుర్తించడానికి పేరుకన్నా ఆర్మీ నంబరు ముఖ్యం. ఒకే పేరుతో చాలామంది ఉంటారు, ఒక పటాలంలో నంబరు ఒక్కరిదే. అది డిశ్చార్జి పుస్తకంలో, పింఛను ఉత్తర్వులో ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలైతే అంచును భూతద్దంతో చూడాలి. నంబరు, పేరు, పటాలం అక్కడ చెక్కి ఉంటాయి. నంబరు, పటాలం తెలిస్తే సంబంధిత రికార్డ్స్ ఆఫీసుకు రాయవచ్చు. మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఇంజనీరు దళం) బెంగళూరు, ఈఎంఈకి (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళం) సికింద్రాబాద్. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితాల్లో దొరుకుతాయి. 1947 తర్వాత అమరులైనవారి పేర్లు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంపై ఉన్నాయి.

1971 యుద్ధంలో ఇరవై ఏళ్ల యువకులుగా ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఇంట్లోనో వాడకట్టులోనో అలాంటి మాజీ సైనికుడు ఉంటే ఆయన నంబరు, పటాలం, చేరిన తేదీ, పనిచేసిన చోట్లు, తోటివారి పేర్లు ఆయన నోటినుంచే విని రాసిపెట్టాలి. డిశ్చార్జి పుస్తకం నకలు తీసి, ఒక ప్రతిని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనో, ఊరి గ్రంథాలయంలోనో ఇవ్వాలి. ఈ పనికి ఆయన ఉండగానే పూనుకోవాలి.