శస్త్రచికిత్సతోనే తీరదు గుర్రం వెన్నునొప్పి
కండరం బలపడ్డాకే జీను వేయాలి; తొందరపడితే మళ్లీ మొదటికే

జీను బిగించబోతే గుర్రం చెవులు వెనక్కి వాల్చి కరవబోతుంది. రౌతు ఎక్కగానే వెనుక కాళ్లు ఎగదన్నుతుంది. నిన్నటిదాకా అవలీలగా దూకిన అడ్డుకర్ర ముందు నేడు మొరాయిస్తుంది. దీన్ని పొగరుగా భావించి కొరడా ఝళిపించేవారు ఉన్నారు. అయితే ఈ మొండితనానికి ఒక్కోసారి వెన్నెముక బాధే కారణమవుతుంది. అటువంటి గుర్రానికి శస్త్రచికిత్స చేయించిన యజమాని ఇక పని పూర్తయిందని అనుకోరాదు. ఆపరేషన్ ఒక్కపూటలో ముగుస్తుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది.

జబ్బు ఏమిటి?

గుర్రానికి ఛాతీ భాగంలో 18, నడుము భాగంలో సాధారణంగా 6 వెన్నుపూసలు ఉంటాయి. ప్రతి పూస నుంచి ఒక ఎముక ముల్లులా పైకి పొడుచుకొని ఉంటుంది. ఈ ముళ్ల మధ్య ఖాళీ తగ్గి అవి ఒకదానితో ఒకటి ఒరుసుకోవడాన్ని 'కిస్సింగ్ స్పైన్స్' అంటారు. ఛాతీ భాగంలోని 13 నుంచి 18వ పూసల మధ్య, అంటే రౌతు బరువు పడే చోటనే, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. థరోబ్రెడ్ జాతిలో ఈ సమస్య అధికం. హైదరాబాద్‌లోని మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తేవి ఈ జాతి గుర్రాలే. పందేల నుంచి విరమించిన గుర్రాన్ని స్వారీకి తెచ్చుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎక్స్‌రేలో ముళ్లు దగ్గరగా కనిపించినంత మాత్రాన నొప్పి ఉన్నట్లు కాదు. ఏ బాధా లేని గుర్రాల్లోనూ ఈ మార్పు కనిపిస్తుంది. అందువల్ల వైద్యులు ఆ చోట తిమ్మిరెక్కించే మందు ఇచ్చి, కదలిక మెరుగుపడుతుందేమో పరిశీలిస్తారు. మందులు, వ్యాయామంతో గుణం కనిపించనప్పుడు శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు.

రెండు పద్ధతులు

ఒరుసుకునే ఎముకలో కొంత భాగాన్ని తొలగించడం మొదటి పద్ధతి. ముళ్ల మధ్య ఉండే లిగమెంటును కోసి బిగువు తగ్గించడం రెండోది. ఈ రెండో పద్ధతిని బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ కూమర్ బృందం 2012లో ప్రచురించింది. గుర్రాన్ని పడుకోబెట్టకుండా, మగత మందు ఇచ్చి నిలబెట్టే చిన్న కోతలతో దీన్ని పూర్తి చేస్తారు. పూర్తి మత్తు నుంచి లేచేటప్పుడు గుర్రం తడబడి కాళ్లు విరిగే ముప్పు ఇందులో ఉండదు.

కండరమే కీలకం

నొప్పితో ఉన్న గుర్రం చాలాకాలం వీపు బిగబట్టి నడుస్తుంది. దీనివల్ల వెన్నుపూసలను అంటిపెట్టుకుని ఉండే మల్టిఫిడస్ అనే లోపలి కండరం క్షీణిస్తుంది. శస్త్రచికిత్స నొప్పిని తగ్గించగలదు కానీ పోయిన కండరాన్ని తిరిగి ఇవ్వలేదు. బలహీనమైన వీపుపై రౌతు కూర్చుంటే వెన్ను కుంగి ముళ్లు తిరిగి దగ్గరవుతాయి.

ఇక్కడ తల భంగిమకు ఎంతో ప్రాధాన్యం ఉంది. గుర్రం మెడ మీదుగా వీపు వెంట బలమైన లిగమెంటు సాగుతుంది. తల దించినప్పుడు అది ముళ్లను ముందుకు లాగి వాటి మధ్య ఎడం పెంచుతుంది. తల ఎత్తి వీపు కుంగదీసినప్పుడు ఎడం తగ్గుతుంది. అందుకే మేతను ఎత్తయిన తొట్టిలో కాకుండా నేలపై వేయడం మేలు.

దశలవారీగా...

మొదటి రోజుల్లో శాలలోనే విశ్రాంతి ఇవ్వాలి. పని లేని గుర్రానికి దాణా తగ్గించి ఎండుగడ్డి ఎక్కువగా పెట్టాలి. తర్వాత వైద్యుల సలహాపై చేత్తో పట్టుకుని నడిపిస్తూ సమయాన్ని క్రమంగా పెంచాలి. గాయం మానాక నేలపై పరచిన కర్రల మీదుగా నడిపించడం, పొడవాటి తాడుతో వలయంలో తిప్పడం మొదలుపెట్టాలి. ఈ సమయంలో తల కిందికి, ముందుకు చాచి నడిచేలా చూడాలి.

క్యారెట్ ఆశ చూపి చేయించే వ్యాయామాలు ముఖ్యమైనవి. క్యారెట్ కోసం గుర్రం గడ్డాన్ని ఛాతీకి, మోకాళ్ల మధ్యకు, ఆపై ఇరుపక్కల తుంటి వైపునకు తిప్పి కాసేపు నిలపాలి. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇటువంటి వ్యాయామాలను 8 గుర్రాలతో వారానికి 5 రోజుల చొప్పున 3 నెలలు చేయించారు. మల్టిఫిడస్ కండరం పెరిగినట్లు 2011లో వెల్లడించారు. అది శస్త్రచికిత్స అనంతర అధ్యయనం కాకపోయినా, ఈ కండరాన్ని తిరిగి పెంచవచ్చన్న భరోసా ఇచ్చింది. కుట్లు ఉన్నప్పుడు మాత్రం వైద్యులు అనుమతించాకే వీటిని ప్రారంభించాలి.

స్వారీ ఎప్పుడు?

శస్త్రచికిత్స రకాన్ని, గుర్రం కోలుకునే తీరును బట్టి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఆగవలసి ఉంటుంది. వీపు ఆకారం మారుతుంది కాబట్టి పాత జీనును సరిచూడకుండా వేయరాదు. కండరం పెరిగేకొద్దీ మళ్లీ మళ్లీ పరీక్షించాలి. మొదట కొద్ది నిమిషాల నడకతో సరిపెట్టాలి. పరుగు, దూకుడు చివరి దశలోనే.

గాయం వాచినా, చీము కారినా, జ్వరం 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా వెంటనే పశువైద్యులకు చూపించాలి. జీను చూడగానే గుర్రం తిరిగి చెవులు వాల్చినా, తోక విసిరినా ఒక దశ వెనక్కి వెళ్లాలి. అలవాటుగా మిగిలిన భయమా, తిరగబెట్టిన నొప్పా అన్నది వైద్యులు తేల్చాలి. అప్పటిదాకా కొరడా ముట్టకపోవడమే ఉత్తమం.