పట్నంలో లాడ్జి బస... గడియారం చూసి దిగండి!

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది 1956లో. రాష్ట్రం విడిపోయింది 2014లో. ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. అయినా ఆదోని, ఆలూరు, పత్తికొండ, కోడుమూరు పల్లెల నుంచి హైదరాబాదు బస్సు ఎక్కేవారు ఎక్కుతూనే ఉన్నారు. సర్కారు పనులు పోయినా ఆసుపత్రి పనులు మిగిలాయి. పంజగుట్టలో నిమ్స్, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేర్లు మన పల్లెల్లో తెలియనివి కావు.

పరీక్షలకు ఎంత, మందులకు ఎంత అని లెక్క వేసుకునే బయలుదేరుతాం. బస లెక్క మాత్రం వేయం. "రెండు రోజులేగా, ఎక్కడో ఒకచోట తల దాచుకుందాం" అనుకుంటాం. తీరా రిపోర్టులు ఆలస్యమై రెండు రోజులు కాస్తా ఐదు రోజులైతే, మందులకని మూట కట్టుకెళ్ళిన డబ్బు లాడ్జి కౌంటరులో ఖర్చయిపోతుంది. పట్నం లాడ్జీలన్నీ మోసమని కాదు. వాటి పద్ధతి తెలిస్తే ఆ డబ్బులో కొంతైనా చేతిలో మిగులుతుంది.

బస్టాండు పక్కనా, ఆసుపత్రి పక్కనా?

మన బస్సులు ఆగేది మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో. పెద్దలు ఇప్పటికీ తలచుకునే గౌలిగూడ పాత బస్టాండు షెడ్డు 2018 జులైలో కూలిపోయింది. అయినా గౌలిగూడ, అఫ్జల్‌గంజ్, కాచిగూడ, నాంపల్లి వీధుల్లో చిన్న లాడ్జీలు ఇంకా నడుస్తున్నాయి. బస్సు దిగి మూట నెత్తిన పెట్టుకుని ఎదురుగా కనిపించిన బోర్డు కిందికి వెళ్ళడం మనవాళ్ళకు అలవాటు.

అద్దె తక్కువని అక్కడ దిగి, రోజూ పంజగుట్టకు ఆటోలో తిరిగితే మిగిలిందంతా ఆటోకే పోతుంది. మెట్రో రైలు తెలిసినవారికి ఈ బాధ లేదు. ఎం.జి.బి.ఎస్. దగ్గర ఎక్కితే నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్ మీదుగా ఇర్రం మంజిల్, పంజగుట్ట స్టేషన్లకు బండి మారకుండా వెళ్ళవచ్చు. నిమ్స్‌కు ఈ రెండు స్టేషన్లూ దగ్గరే. ఎం.ఎన్.జె.కు వెళ్ళేవారికి నాంపల్లి, లక్డీకాపూల్ వైపు బస అనుకూలం. రోగి నాలుగడుగులు వేయలేని స్థితిలో ఉంటే మాత్రం అద్దె కాస్త ఎక్కువైనా ఆసుపత్రి దగ్గరే దిగడం మేలు.

ఆటోవాడే మంచి లాడ్జి చూపిస్తానంటే తొందరపడకండి. గిరాకీ తెచ్చినవారికి కమీషన్ ఇచ్చే లాడ్జీలు ఉన్నాయి. ఆ కమీషన్ చివరికి పడేది మన అద్దె మీదే.

అద్దె కన్నా గంటలే ముఖ్యం

కౌంటరు దగ్గర అందరూ అడిగేది "రోజుకెంత?" అని. అంతకన్నా ముందు అడగాల్సింది "రోజంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?" అని.

లాడ్జీలకు రెండు పద్ధతులు. ఒకటి 24 గంటల పద్ధతి. మనం దిగిన గంట నుంచి లెక్క. రెండోది పగలు 12 గంటల పద్ధతి. ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12 కొట్టేసరికి ఒక రోజు అయిపోయినట్లే.

మనవాళ్ళు ఓ.పి. చీటీ కోసం అర్ధరాత్రి బస్సెక్కి తెల్లవారుజామున దిగుతారు. సోమవారం ఉదయం 5 గంటలకు దిగి, మంగళవారం రాత్రి 8 గంటలకు ఖాళీ చేశారనుకుందాం. గది అద్దె 800 రూపాయలు. 24 గంటల లాడ్జిలో రెండు రోజుల అద్దె, అంటే 1,600. పన్నెండు గంటల లాడ్జిలో సోమవారం మధ్యాహ్నానికి ఒకటి, మంగళవారం మధ్యాహ్నానికి రెండు, ఆ తర్వాత రాత్రి వరకు మూడు. మొత్తం 2,400. అదే గది, అదే మంచం, తేడా 800 రూపాయలు!

కాబట్టి తెల్లవారుజామున దిగేవారు 24 గంటల లాడ్జినే వెతుక్కోవాలి. దిగిన సమయాన్ని రసీదు మీద రాయించుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు గంట అటూ ఇటూ అయితే ఏం చేస్తారో కూడా ముందే అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదు.

బోర్డు మీది ధర వేరు, బిల్లు వేరు

గదిలో ఇద్దరికే లెక్క. మూడో మనిషి ఉంటే అదనం. పరుపు అడిగితే అదనం. కొన్నిచోట్ల వేడినీళ్ళ బక్కెట్టుకూ అదనమే. ఏ.సి. గదిలో దిగి ఏ.సి. వేయకపోయినా ఏ.సి. అద్దే కట్టాలి. "అన్నీ కలిపి ఎంత?" అన్న ఒక్క మాటతో ఇవన్నీ బయటపడతాయి.

పన్ను సంగతీ తెలుసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు జి.ఎస్.టి. 5 శాతం. 800 గదికి 40 రూపాయలన్నమాట. పన్ను వసూలు చేస్తే బిల్లు మీద జి.ఎస్.టి. నంబరు ఉండాలి. నంబరు లేని తెల్లకాగితం మీద పన్ను అడిగితే కట్టనవసరం లేదు. అడ్వాన్సుకు రసీదు తప్పక తీసుకోవాలి. ఫోనులో డబ్బు పంపినా సరే, గది నంబరు, రోజుల లెక్క ఉన్న రసీదు వేరే కావాలి. మాట తేడా వచ్చి తెగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

గది చూశాకే డబ్బు

డబ్బు కట్టాక గది చూస్తే లాభం లేదు. ముందే పైకి వెళ్ళి కుళాయి తిప్పి నీళ్ళు చూడండి. ఫ్యాను వేయండి. తలుపు గడియ లోపలి నుంచి గట్టిగా పడుతోందో లేదో చూడండి. దుప్పటి మార్చమని అడగడానికి మొహమాటపడవద్దు. లిఫ్టు లేని మూడో అంతస్తు కీళ్ళ నొప్పుల రోగికి పనికిరాదు. ఆపరేషన్ అయినవారు, మోకాళ్ళు వంగనివారు ఉంటే కుర్చీలా కూర్చునే కమోడ్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

దిగే ప్రతివారూ రిజిస్టరులో పేరు రాసి గుర్తింపు కార్డు చూపాల్సిందే. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కూడా ఉంది. ఊళ్ళోనే నెట్ సెంటరులో తీయించుకోవచ్చు. జిరాక్సు మీద తేదీ, లాడ్జి పేరు రాసి ఇవ్వడం మంచి అలవాటు. ఒరిజినల్ కార్డు కౌంటరులో వదిలిపెట్టకండి.

బయటికి వెళ్ళేటప్పుడు డబ్బు, నగలు, ఆసుపత్రి ఫైలు గదిలో ఉంచకండి. పోయిన బట్టలు కొనుక్కోవచ్చు గానీ, పాత రిపోర్టులు పోతే పరీక్షలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

ఉండాలా, ఊరికి రావాలా?

"రిపోర్టు నాలుగు రోజులకు వస్తుంది" అన్నప్పుడే అసలు లెక్క వేయాలి. కర్నూలుకు హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. ఇద్దరికీ రానుపోను బస్సు చార్జీ ఒక పక్క, నాలుగు రోజుల అద్దె, హోటలు భోజనం ఇంకో పక్క పెట్టి చూడండి. రోగి ప్రయాణం తట్టుకోగలిగితే చాలాసార్లు ఊరికి వచ్చి మళ్ళీ వెళ్ళడమే చౌక. తోడు వెళ్ళినవారు కూలి పోగొట్టుకునే రోజులు కూడా ఈ లెక్కలో వేయాలి. రిపోర్టు ఫోనులో పంపుతారా, తోడు వెళ్ళినవారు ఒక్కరే వచ్చి తీసుకుపోవచ్చా అని ఆసుపత్రిలో అడిగితే ఒక ప్రయాణమే తప్పవచ్చు.

రైలులో వెళ్ళేవారికి పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉంటాయి. టికెట్ ఖాయమైనవారు ముందుగానే రిజర్వు చేసుకోవచ్చు. పగలంతా ఆసుపత్రిలో ఉండి రాత్రి తిరుగు ప్రయాణమైతే గదే అక్కరలేదు, సామాను స్టేషన్ క్లోక్ రూములో పెడితే చాలు. సంచికి తాళం ఉంటేనే తీసుకుంటారు కాబట్టి ఒక చిన్న తాళం వెంట ఉంచుకోండి. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగి వెంట వచ్చినవారికి రాత్రి బస షెల్టర్లు కూడా ఉన్నాయి. చేర్చుకునే రోజే వార్డు నర్సమ్మను అడిగితే దారి చెబుతారు. ఫుట్‌పాత్ మీద దుప్పటి పరచుకునే ముందు ఆ మాట ఒకటి అడిగి చూడాలి.