చిన్న ఎలక్ట్రిక్ కారు: ఐటీ కారిడార్‌లో ఎవరికి లాభం?

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులకు రోజూ కారులో వెళ్లే ఉద్యోగి ఎనిమిది లక్షలు పెట్టి చిన్న ఈవీ కొంటే గిట్టుబాటవుతుందా? అందరికీ ఒకటే జవాబు ఉండదు. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, రాత్రి కారు ఎక్కడ ఆగుతుంది అనే రెండు సంగతులు తెలిస్తే మాత్రం ఎవరి లెక్క వాళ్లు తేల్చుకోవచ్చు.

ధరలో తేడా

ఒకే కారు పెట్రోల్‌లోనూ ఎలక్ట్రిక్‌లోనూ దొరికితే పోల్చడం సులువు. టాటా టియాగో అలాంటిదే. 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గాక పెట్రోల్ టియాగో షోరూం ధర 4.57 లక్షల నుంచి మొదలైంది. ఈవీల మీద జీఎస్టీ అప్పటికే 5 శాతం కాబట్టి వాటికి ఆ లాభం దక్కలేదు. టియాగో ఈవీ ప్రారంభ ధర 7.99 లక్షలు. తేడా 3.42 లక్షలు.

ఇందులో కొంత తెలంగాణ ప్రభుత్వ రాయితీతో తగ్గుతుంది. 5 లక్షల లోపు పెట్రోల్ కారుకు లైఫ్ ట్యాక్స్ 13 శాతం, అంటే సుమారు 59 వేలు. 2024 నవంబరు 18 నుంచి అమల్లో ఉన్న జీవో 41 ప్రకారం ఈవీకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. గడువు 2026 డిసెంబరు 31. అది పోగా మిగిలే తేడా 2.83 లక్షలు. పెట్రోల్ ఆదాతో పూడాల్సింది ఈ మొత్తమే.

ఈవీ లోన్ వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపును మాత్రం లెక్కలో వేసుకోవద్దు. సెక్షన్ 80ఈఈబీ 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే వర్తిస్తుంది.

నెల ఖర్చు

లీటరు పెట్రోల్ 107 రూపాయలు, ట్రాఫిక్‌లో మైలేజీ 15 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయల పైమాటే. ఈవీకి ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి వంద కిలోమీటర్లకు 14 యూనిట్లు వేసుకుందాం. ఇంటి మీటరులో నెలకు 800 యూనిట్లు దాటాక పడే పై స్లాబు యూనిట్‌కు 10 రూపాయలు. దాన్నే తీసుకున్నా కిలోమీటరుకు 1.40 అవుతుంది. బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20 రూపాయలనుకుంటే 2.80.

• నెలకు 1,000 కి.మీ., ఇంట్లో ఛార్జింగ్: పెట్రోల్ 7,133, కరెంటు 1,400. ఆదా 5,733. తేడా పూడటానికి నాలుగేళ్ల పైన.
• నెలకు 1,000 కి.మీ., బయట ఛార్జింగ్: కరెంటు 2,800. ఆదా 4,333. దాదాపు ఐదున్నరేళ్లు.
• నెలకు 500 కి.మీ., ఇంట్లో ఛార్జింగ్: పెట్రోల్ 3,567, కరెంటు 700. ఆదా 2,867. ఎనిమిదేళ్ల పైన.

మూడో లెక్క కొండాపూర్‌లోనో కేపీహెచ్‌బీలోనో ఉంటూ వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లేవాళ్లది. పెట్టుబడి తిరిగొచ్చేసరికి ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ అయిపోతుంది. మొదటి లెక్క ఎల్బీనగర్, ఉప్పల్ వైపు నుంచి రోజూ వచ్చేవాళ్లది. సిటీ కారు దగ్గర్లో తిరిగేవాళ్ల కోసమే అనిపిస్తుంది గానీ, అసలు లాభం దూరం నుంచి వచ్చేవాళ్లకే.

అప్పు చేసి కొంటే ఇంకొంచెం ఆగాలి. 2.83 లక్షలకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల ఈఎంఐ సుమారు 5,875 రూపాయలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగి ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాళ్లకు మిగిలేదీ దాదాపు అంతే. ఐదేళ్లూ చెల్లుకు చెల్లు, ఆపైన వచ్చేదే లాభం.

రేంజ్, ట్రాఫిక్

చిన్న బ్యాటరీ టియాగో ఈవీ సామర్థ్యం 19.2 యూనిట్లు. 2022లో ప్రకటించిన పరీక్షా రేంజ్ 250 కిలోమీటర్లు. నగరంలో 150 అనుకుని నడుపుకోవడం క్షేమం. ఇన్ఫోసిస్ జంక్షన్‌లోనో బయోడైవర్సిటీ దగ్గరో గంట ఇరుక్కున్నా భయం లేదు. ఏసీకి సుమారు ఒక యూనిట్ పోతుంది, అంతే. నిలబడి ఉన్నప్పుడు మోటారుకు ఖర్చు లేదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీలో చేరుతుంది. ఓఆర్ఆర్ మీద వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధంతో రేంజ్ పడిపోతుంది.

సంక్రాంతికి విజయవాడ వెళ్లాలంటే దూరం 275 కిలోమీటర్ల వరకు. ఈ బ్యాటరీతో దారిలో రెండుసార్లు ఆగాలి, ఆగినప్పుడల్లా దాదాపు గంట. పండగ రద్దీలో ఛార్జర్ దగ్గర క్యూ ఉంటే ఆ సమయం అదనం. ఇంట్లో ఉన్న ఒకే కారు ఇదైతే ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఎంజీ కామెట్ ఇంకా చిన్నది. పొడవు మూడు మీటర్ల లోపు, బ్యాటరీ 17.3 యూనిట్లు. మాదాపూర్ సందుల్లో తిప్పడానికి, ఇరుకు పార్కింగ్‌లో పెట్టడానికి హాయి. డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ లేదు కాబట్టి ఊరి ప్రయాణాలకు పనికిరాదు. 2024 సెప్టెంబరులో బ్యాటరీ అద్దె పథకం కింద దీన్ని 4.99 లక్షలకు ఇచ్చారు, అద్దె కిలోమీటరుకు 2.50. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలన్న షరతు ఉందేమో ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి. తక్కువ తిరిగేవాళ్లను దెబ్బతీసేది ఆ షరతే.

ప్లగ్ ఉందా?

3.3 కిలోవాట్ల ఛార్జర్‌కు 15 ఆంప్స్ ప్లగ్ పాయింటు చాలు. రాత్రి పెడితే ఏడు గంటల్లో బ్యాటరీ నిండుతుంది. సొంత ఇల్లయితే చిక్కేమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు మీటరు నుంచి సెల్లార్‌లోని పార్కింగ్ దాకా వైరు లాగాలి, అసోసియేషన్‌ను ఒప్పించాలి. ఉన్న కనెక్షన్‌తోనే ఇంట్లో, ఆఫీసులో ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలోనే మార్గదర్శకాల్లో చెప్పింది. పీజీ హాస్టల్లో ఉంటూ కారు రోడ్డు పక్కన పెట్టేవాళ్లకు మాత్రం ఛార్జింగ్ రోజూ తలనొప్పే.

సొంత ప్లగ్, నెలకు వెయ్యి కిలోమీటర్లు, దూర ప్రయాణాలకు మరో ఏర్పాటు: ఈ మూడూ ఉంటే నిశ్చింతగా కొనండి, మాఫీ గడువు ముగియకముందే కొనండి. మూడింట్లో ప్లగ్ లేకపోతే ఆగండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు ఒక విన్నపం: ఈసారి జనరల్ బాడీ మీటింగులో ప్రతి పార్కింగ్‌కూ సబ్‌మీటరుతో పాయింటు ఇచ్చే సంగతి ఎజెండాలో పెట్టండి. ఎవరి యూనిట్లకు వాళ్లే కడతారు, కామన్ మీటరు మీద ఒక్క రూపాయి భారం పడదు.