తోబా సరస్సు: కథలును, నిజమును

నంద్యాల జిల్లాలో జుర్రేరు అను చిన్న యేటిలోయయందు జ్వాలాపురమను గ్రామము కలదు. ఆ గ్రామము చెంత నేలను త్రవ్వినచో, మట్టిపొరల నడుమ తెల్లని మెత్తని పొడి యొకటి బయటపడును. కొన్నిచోట్ల ఆ పొర రెండున్నర మీటర్ల మందము కలిగియున్నది. జనులు దానిని త్రవ్వి, పాత్రలు తోము పొడులలో కలుపుటకై ఏండ్లతరబడి విక్రయించుచు వచ్చిరి. ఆ పొడి మన నేలలో పుట్టినది కాదు. సముద్రమున కావల, సుమారు 2,600 కిలోమీటర్ల దూరముననున్న సుమత్రా ద్వీపమునుండి, 74,000 సంవత్సరములకు పూర్వము ఆకాశమార్గమున వచ్చి పడినది. దానిని పంపినది తోబా యను అగ్నిపర్వతము.

నేటి ప్రసంగమున ఆ అగ్నిపర్వతపు చరిత్రను, దానినిగూర్చి లోకమున వ్యాపించిన అపోహలను విన్నవించెదను. అపోహలమాట ప్రత్యేకించి యెందులకనగా, ప్రళయవార్తకు కాళ్లు ఎక్కువ. గ్రామమున నట్టి వార్త పుట్టినపుడు పిన్నలు వచ్చి నిజమేమని యడుగునది పెద్దలనే గదా!

ఇండోనీషియా దేశమునకు చేరిన సుమత్రా ద్వీపపు ఉత్తరభాగమున తోబా సరస్సు ఉన్నది. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు. వెడల్పు 30 కిలోమీటర్లు. లోతు కొన్నియెడల 500 మీటర్లకు మించును. సరస్సు నీటిమట్టమే సముద్రమునకు 900 మీటర్ల యెత్తున నున్నది. చుట్టును గోడలవలె కొండచఱియలు. నడుమ సామోసిర్ అను పెద్ద దీవి. ఒడ్డులను బతక్ అను జాతివారు వరి పండించుకొనుచు, చేపలు పట్టుకొనుచు నివసించుచున్నారు. అగ్నిపర్వతమనగా మనము ధాన్యపురాశివలె కొనదేలిన కొండను, దాని కొసను లేచు పొగను తలంతుము. ఇచ్చట అంత సరస్సును కనగలిగినంతటి కొండ యేదియు కన్పట్టదు. కావుననే ఈ సరస్సంతయు ఒక అగ్నిపర్వతపు గుంట యని భూశాస్త్రజ్ఞులు గుర్తించుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చెను.

ఇంత పెద్ద గుంట యెట్లేర్పడినది? భూమి పైపెంకు అతుకులేని యొక్క పలక కాదు. అనేక ఖండములుగ చీలియున్నది. హిందూమహాసముద్రపు అడుగును మోయు పలక సుమత్రా పడమటితీరమున ఆ ద్వీపము క్రిందికి ఏటేట కొన్ని సెంటిమీటర్ల చొప్పున చొచ్చుకొనిపోవుచున్నది. 2004 డిసెంబరు 26వ తేదీన మన కోస్తా గ్రామములపైబడిన సునామీ ఈ పలకల రాపిడివలన పుట్టినదే. అట్లు లోతునకు దిగిన పలకనుండి నీరు వెలువడి, పైనున్న వేడిశిలలలో చేరి, అవి కరగుటకు కారణమగును. కరగిన శిలాద్రవము మెల్లగ పైకి వచ్చి, నేలకు కొన్ని కిలోమీటర్ల దిగువను కూడుకొని, దీర్ఘకాలము నిలువయుండును.

గోలీసోడా బుడ్డిలో గోలీ బిగిసియున్నంతవఱకు వాయువు నీటిలో అణగియుండును. గోలీని లోనికి నొక్కగనే బుస్సున పొంగును. శిలాద్రవమునందును నీటియావిరి మొదలగు వాయువులు పైబరువునకు లోబడి అణగియుండును. కప్పు పగిలిన తక్షణమే అవి పొంగి, ద్రవమును నురుగుగా మార్చి, ఆ నురుగును తునాతునుకలు చేసి ఆకాశమునకు చిమ్మును.

తరువాతి సంగతి ధాన్యపు పాతరను ఎఱిగినవారికి సులభముగ బోధపడును. పాతరలోని ధాన్యమంతయు ఒక్కమాఱుగ తోడివేసి, పైనున్న మట్టికప్పునకు ఆధారము లేకుండ చేసితిమేని, కప్పు లోనికి కూలును. అట్లే శిలాద్రవము వెలువడిపోగా క్రింద ఖాళీపడి, పైనున్న నేల పదుల కిలోమీటర్ల మేర క్రుంగిపోవును. ఇట్టి గుంటను కాల్డెరా యందురు. స్పానిషు భాషలో ఆ మాటకు కొప్పెర యని యర్థము. తోబా సరస్సు అట్టి కొప్పెరయే. అందు వాననీరు చేరి సరస్సైనది. గొప్ప కొండ యొకటి పేలి యెగిరిపోగా మిగిలిన రంధ్రమే యీ సరస్సని తఱచు చెప్పుదురు. అది మొదటి అపోహ. నేల యెగిరిపోయినదాని కంటె క్రుంగిపోయినదే యిచ్చట ముఖ్యము.

తోబా ఒక్కమాఱే చెలరేగి యూరకుండలేదు. సుమారు 12 లక్షల సంవత్సరముల క్రింద నొకమాఱు, 8 లక్షల సంవత్సరముల క్రింద నొకమాఱు, 5 లక్షల సంవత్సరముల క్రింద నొకమాఱు, కడపట 74,000 సంవత్సరముల క్రింద నొకమాఱు మహావిస్ఫోటములు జరిగినవి. కడపటిదే అన్నిటను పెద్దది. అప్పుడు వెలువడిన శిలాద్రవము సుమారు 2,800 ఘన కిలోమీటర్లని శాస్త్రజ్ఞులు గణించిరి. ఈ సంఖ్య మనస్సునకు అందుటకు ఒక పోలిక చెప్పెదను. ఇండోనీషియాలోనే తంబోరా యను అగ్నిపర్వతము 1815 ఏప్రిలు నెలలో ప్రేలెను. పదులవేల జనులు మడిసిరి. మఱుసటి యేడు యూరపునందును, ఉత్తర అమెరికా తూర్పుభాగమునందును వేసవియే రాలేదని చెప్పుకొనునంతటి చలి కమ్మి పంటలు పాడయ్యెను. తోబా వెలిగ్రక్కినది ఆ తంబోరా కంటె ఎన్నో పదుల రెట్లు. గడచిన 20 లక్షల సంవత్సరములలో దీనిని మించిన విస్ఫోటము భూమిపై జరుగలేదు.

ఆ పిమ్మట క్రొత్త శిలాద్రవము క్రిందనుండి ఒత్తగా, సరస్సు అడుగు వందల మీటర్ల యెత్తునకు మెల్లగ లేచెను. అట్లు లేచిన నేలయే సామోసిర్ దీవి. దానిపై సరస్సు అడుగున పేరుకొనిన బురదపొరలు నేటికిని కాననగుచున్నవి. కనుక సామోసిర్ నిప్పులు గ్రక్కిన శిఖరమనుట సరికాదు. నీట మునిగియుండిన నేల పైకి వచ్చినది.

బతక్ జనులు ఈ సరస్సు పుట్టుకనుగూర్చి యొక కథ చెప్పుకొందురు. తోబా యను సేద్యగాడు వలలో నొక చేపను పట్టెను. ఆ చేప అందమైన స్త్రీగా మాఱెను. తన పూర్వరూపమును ఎన్నడును ఎత్తిపొడువరాదను నియమముపై ఆమె యతనిని వివాహమాడెను. వారికి సామోసిర్ అను కొడుకు పుట్టెను. ఒకనాడు ఆ బాలుడు పొలమునకు తీసికొనిపోవలసిన అన్నమును త్రోవలో తానే తినివేసెను. ఆకలిగొన్న తండ్రి కోపము పట్టజాలక, చేపకు పుట్టినవాడా యని తిట్టెను. నియమము తప్పినది. నేలనుండి నీరు పెల్లుబికి లోయయంతయు ముంచివేసెను. మన భారతమందలి శంతనుని నియమమును, గంగాదేవి యెడబాటును ఎఱిగినవారికి ఈ కథ పరాయిదిగా తోపదు.

ఈ కథను తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆడిన మాటను, ఆకలివేళ నాలుకను కాచుకొనవలెనను బోధ అందు కలదు. అయితే, 74,000 ఏండ్ల నాటి విస్ఫోటమును కన్నులార చూచినవారి జ్ఞాపకమే యీ కథ యని కొందఱు చెప్పుదురు. అది నమ్మదగినది కాదు. బతక్ భాష ఏ భాషాకుటుంబమునకు చెందినదో, ఆ భాషలు మాటలాడు జనులు సుమత్రాకు వచ్చినది కొన్నివేల యేండ్ల క్రిందనే.

మన జ్వాలాపురము విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. ఆ పేరు వినగనే, అది నాటి అగ్నివర్షమునకు గుఱుతుగ పెట్టినదని తలచుట సహజము. కాని 74,000 సంవత్సరముల క్రింద నేటి సంస్కృతము లేదు, తెలుగు లేదు, ఊళ్లు కట్టి పేరులు పెట్టిన వారును లేరు. ఊరి పేరు వేఱు. భూమిలోని పొడి వేఱు.

ఆ పొడిని బూడిద యనుట వాడుక మాత్రమే. పొయ్యిలో కట్టె కాలగా మిగిలిన బూడిదకును దీనికిని పోలిక రంగునందే. ఇది పగిలిన శిలానురుగు, అనగా గాజుపొడి. సూక్ష్మదర్శినిలో చూచినచో, బుడగల గోడలు పగిలినట్లు వంపుతిరిగిన సన్నని గాజుపెంకులు కాననగును. పాత్రల జిడ్డు వదలుటకు కారణము ఆ పెంకుల కఱకుదనమే. అందువలననే దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. త్రవ్వువారు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనుట మేలు.

ఇది మన ప్రాంతపు ప్రాచీనమైన అగ్నిపర్వతమునుండి వచ్చియుండవచ్చునని కొందఱు తలంతురు. పడమటి తెలంగాణమందలి నల్లరాతినేలలు లావావలన నేర్పడినవే. అయితే అవి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటివి. ఈ పొడితో వానికి చుట్టఱికము లేదు. గాజుపెంకులలోని ధాతువుల పాళ్లు తోబా శిలలతో సరిపోలుటవలననే దీని పుట్టినిల్లు తెలియవచ్చినది. ఇట్టి పొడియే మధ్యప్రదేశమున సోన్ నదీలోయయందును, బంగాళాఖాతపు అడుగునను దొరకినది.

రెండున్నర మీటర్ల పొర యంతయు ఆకాశమునుండి రాలినదనుట మఱియొక పొరపాటు. నేరుగ రాలినది కొన్ని సెంటిమీటర్లే. తరువాత వానలు చుట్టునున్న మిట్టలనుండి ఆ పొడిని కడిగి లోయలోని పల్లమునకు చేర్చినవి. వరదవచ్చిన యేడు చెఱువులో ఒండ్రు పేరుకొనుటను చూచినవారికి ఇది వింత కాదు.

ఇక అన్నిటికంటె పెద్ద అపోహ. తోబా పొగవలన ఆఱేండ్లు లోకమంతయు చీకటియై, మనుష్యజాతి కొద్దివేలమందికి తగ్గి, నాశనమునకు అంగుళము దూరమున నిలిచెనని పలుచోట్ల వ్రాసిరి. దీనికి మూలము 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అను అమెరికా పండితుడు ప్రకటించిన ఊహ. పూర్వకాలమున మనుష్యసంఖ్య మిక్కిలి తక్కువగా నుండెనని మన రక్తమందలి వంశలక్షణములు సూచించుచున్నవి. దానికి తోబా కారణమైయుండవచ్చునని ఆయన చెప్పెను. పండితుడు పరీక్షకై యుంచిన ఊహ, నోటినుండి నోటికి పోవుసరికి రుజువైన చరిత్రగా చెల్లిపోయినది.

పరీక్ష జరిగిన స్థలములలో ముఖ్యమైనది మన జ్వాలాపురమే. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రవి కోరిశెట్టరు, ఇంగ్లండునుండి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా, వారి సహచరులు ఇచ్చట త్రవ్వకములు జరిపి, 2007లో ఫలితములను ప్రకటించిరి. బూడిదపొరకు దిగువను మనుష్యులు చెక్కిన రాతిపనిముట్లు దొరకినవి. ఎగువను దొరకినవి. రెండును ఇంచుమించు ఒకే పనివానితనము చూపుచున్నవి. అనగా బూడిద రాలకముందు జుర్రేరు లోయలో మసలినట్టి జనులే, అది రాలిన పిదపను ఆ పనితనమును మఱువక మసలిరి. వారి యెముకలు దొరకలేదు. కనుక వారు మనవంటి మానవులా, మనకు దాయాదులైన మఱియొక తెగవారా యను వాదము పండితులలో నున్నది. బ్రదికిరనుటకు మాత్రము రాళ్లే సాక్ష్యము.

ఆఫ్రికాయందును ఇట్టి సాక్ష్యమే లభించినది. అచ్చటి మలావి సరస్సు అడుగున తోబా గాజుపెంకులను కనుగొనిరి. ఆ పొరకు పైని గొప్ప చలి కమ్మిన జాడ లేదని 2013లో తేల్చిరి. దక్షిణాఫ్రికా సముద్రతీరమున ఆ పెంకులు పడిన కాలమందే జనులు సుఖముగ వర్ధిల్లిరని 2018లో వెల్లడించిరి. ఇక మనుష్యసంఖ్య తక్కువగ నుండిన జాడకు, ఆఫ్రికానుండి చిన్నచిన్న గుంపులు బయలుదేఱి లోకమున వ్యాపించుటయే తగిన కారణమని పలువురు తలంచుచున్నారు.

ఇట్లనుటవలన తోబా ఎవరికిని హాని చేయలేదని కాదు. సుమత్రాలో వేలాది చదరపు కిలోమీటర్ల నేల నిప్పుబూడిదక్రింద పూడిపోయెను. అచ్చట ప్రాణి మిగులుట యసంభవము. బంగాళాఖాతపు అడుగుననుండు పుప్పొడిని పరీక్షించినవారు, ఆ విస్ఫోటము తరువాత మన దేశమున అడవి తగ్గి గడ్డినేల హెచ్చెనని 2009లో చెప్పిరి. జుర్రేరు లోయవారు నీటిపై తెల్లని తెట్టును, ఎండిన మేతను చూచియుందురు. కష్టము నిజము, సర్వనాశనము నిజము కాదు.

తోబా మరల ఎప్పుడైన ప్రేలునా? క్రింద శిలాద్రవము నేటికిని కలదు. సరస్సు పడమటియొడ్డుననున్న పూసుక్ బుహిత్ కొండచెంత వేడినీటి ఊటలు కలవు. కాని గడువు తీఱినది, రేపో మాపో ప్రేలుననుటకు ఆధారము లేదు. మహావిస్ఫోటముల నడుమ మూడు నాలుగు లక్షల సంవత్సరములు గడచినవని పైని చెప్పితిని. ఆ లెక్క నమ్మినను గడువు చాల దూరము. అగ్నిపర్వతము పంచాంగము చూచి ప్రేలదు గనుక, ఆ లెక్కయు గట్టిది కాదు. 2010లో తోబాకు ఉత్తరముననున్న సినబుంగ్ అను కొండ శతాబ్దుల నిద్రనుండి లేచి పొగ చిమ్మగా, తోబా మేల్కొన్నదని వార్త పుట్టెను. సినబుంగ్ వేఱు కొండ. నేల ఉబ్బుటను, అదరుటను కొలుచు యంత్రములే యిట్టి విషయమున చెప్పదగినవి. కనుక ప్రళయవార్త తెచ్చినవానిని, ఎవరు కొలిచిరి, ఎప్పుడు కొలిచిరి, యని రెండు ప్రశ్నలడుగుడు.

కడపట నొక మనవి. జ్వాలాపురపు బూడిదపొర, మనుష్యులు తోబాను దాటి బ్రదికిరని పలుకు దస్త్రము. దానిని త్రవ్వి బండ్లకెత్తిన చోట దాని క్రింది పనిముట్లును చెల్లాచెదరగును; మరల ఆ పుటను వ్రాయగలవారు లేరు. కూలివాని కూడు ముఖ్యమే. అయినను కొన్ని గుంటల గట్లనైన చెక్కు చెదరకుండ విడిచిపెట్టించుట, చెక్కిన రాయి గాని యెముక గాని కనబడినచో దానిని కదల్పక పురావస్తుశాఖవారికి తెలుపుట, గ్రామపెద్దలు పూనుకొన్న సాధ్యమగు పని. ఆ లోయ చుట్టుపట్ల నున్నవారు ఈ మాటను తమ రచ్చబండకడ ప్రస్తావింతురుగాక.