దాదీ చూసిన ద్వీపం

హరిశ్చంద్రపురం స్టేషన్‌లో రైలెక్కి విశాఖ చేరి, అక్కడి రేవులో అండమాన్ ఓడ ఎక్కాం. దాదాపు మూడు రోజుల ప్రయాణం. ఖిబ్లా ఎటో ఓడ సిబ్బందిని అడిగి ఖస్ర్ నమాజులు చేసుకున్నాం. మా అమ్మకు కడుపులో తిప్పు ఆగలేదు. "భావనపాడు సముద్రం చాలలేదా బేటా?" అంది.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో శ్రీ విజయపురం అయింది) దిగితే టీకొట్టు దగ్గర మన సిక్కోలు యాసే! ఉద్దానం నుంచి వలసపోయినవారు అక్కడ ఎందరో.

మర్నాడు పడవలో హేవ్‌లాక్ వెళ్ళాం. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్. రాధానగర్ తీరంలో తెల్లటి ఇసుక. జీడితోటలు, కొబ్బరితోటలు చూసిన కంటికి ఇసుకదాకా దిగివచ్చిన అడవి వింతే. డెబ్బై ఏళ్ళ అమ్మ బురఖా అంచు పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడింది. పిల్లలు మాత్రం పక్కనున్న, అలలు లేని మడుగులోకి పోతామన్నారు. మేము పోనివ్వలేదు. 2010లో ఈ ద్వీపంలోనే ఒక విదేశీ మహిళను ఉప్పునీటి మొసలి పొట్టన పెట్టుకుంది. నిలకడ నీరు భద్రమనే మన ఊహ అక్కడ పనికిరాదు.

చిన్నవాడు అలిగి తిండి ముట్టలేదు. అసర్‌కు సముద్రపు నీటితోనే వుజూ చేశాం, అది పాకే కదా. సలాం తిప్పేసరికి వాడు దాదీ ఒడిలో కూచుని ఇసుక అంటిన పూరీ తింటున్నాడు.