పాత డీసెలు జీపు సంసారమునకు తగునా?

బండిని బేరమాడుట పురుషుల పనియనియు, అందెక్కి కూర్చుండుట మాత్రమే మన పనియనియు చాలమంది తలంతురు. ఇరుసుశీల యూడినవేళ తన వ్రేలినే శీలగా నుంచి దశరథుని రథమును నిలిపిన కైక కథను మనము చిన్ననాటనుండి వినుచునే యున్నాము. ఇరుసు సంగతి యెఱిగిన యిల్లాలు సంసారమునకు బరువు కాదు, బలము. కావున మా యింటి యనుభవమును మీకు విన్నవించుచున్నాను.

మావారు ఉపాధ్యాయులు. మా కాపురము తాండూరు. వారి పాఠశాల పట్టణమునకు 14 కిలోమీటర్ల దూరమున నొక పల్లెలో నున్నది. దారి నాపరాతి గనుల ప్రక్కగా పోవును. రాతిలారీల బరువునకు తారు చెదరి గుంతలు పడినది. వాన కురిసెనా, నల్లరేగడి చక్రములకు బంకవలె నంటుకొనును. రెండుమారులు వారు మోటారుసైకిలుపైనుండి జారిపడిరి. రెండవమారు మోచేయి విఱిగినది. అంతట అమ్మాయి చదువునకై దాచిన సొమ్ములో కొంత తీయక తప్పలేదు. క్రొత్తబండికి ఆ సొమ్ము చాలదు; వారి మనసా, జీపుమీదనే.

మహీంద్రా సంస్థవారు 1947లో అమెరికా విల్లీస్ జీపులను మనదేశమున కూర్చి అమ్మసాగిరి. 1980వ దశకమున వెలువడిన ఎమ్.ఎమ్. 540 జీపునందు ఫ్రాన్సుదేశపు ప్యూజోవారి 2,112 సి.సి. డీసెలు ఇంజను అమర్చబడినది. అందు కంప్యూటరు లేదు. చిన్న పట్టణపు మిస్త్రీయు దానిని విప్పి బాగుచేయగలడు. దాని గొప్ప యంతయు నిందే యున్నది.

మొదట చూచిన జీపు నిగనిగలాడు రంగుతో మమ్ము భ్రమింపజేసినది. పరీక్షకని వికారాబాదునందలి మా అత్తగారింటికి పోయి, మరలివచ్చుచు అనంతగిరి వాలున దిగుచుండగా బ్రేకు అడుగంట నొక్కినను బండి నిలువలేదు. అమ్మాయి నా యొడిలో నున్నది. మావారు వెంటనే గేరు తగ్గించి, బండిని కొండవైపు గట్టునకు ఆనించి ఆపిరి. నాటినుండి రంగును చూచుట మాని లోపల చూచుట నేర్చుకొంటిమి.

మేము నేర్చినది చెప్పెదను. ఇంజను చల్లగానున్న వేకువనే పోయి చూడవలెను. ముందే వేడిచేసి యుంచిన దోషము మఱుగుపడును. నల్లపొగ యెడతెగక వచ్చిన ఇంధనము సరిగా మండుటలేదనియు, నీలిపొగ వచ్చిన ఇంజను నూనెను త్రాగుచున్నదనియు తెలియనగును. బండి క్రిందికి వంగి చట్రమును తుప్పు తినినదేమో సుత్తితో మెల్లగా తట్టి చూడవలెను. నాలుగు చక్రములకును బలము నిచ్చు గేరును బురదలో వేసి పరీక్షింపవలెను. ఎండిన తారురోడ్డుపై దానిని వాడిన పండ్లచక్రములు పాడగును.

కాగితముల సంగతి మఱవరాదు. సొంత బండి నమోదు 15 ఏండ్లు చెల్లును. పిమ్మట 5 ఏండ్లకొకమారు తనిఖీ చేయించి పొడిగించుకొనవలెను. 20 ఏండ్లు దాటిన కార్లు, జీపులకు ఈ రుసుము 2025లో 10,000 రూపాయలైనది. అమ్మువారు “వింటేజి” యని మురిపించిన మోసపోకుడు. 2021 నాటి నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటినదే వింటేజి. అట్లు నమోదైనదానిని నిత్యము రోడ్డుపై నడుపరాదు. దినవాడుకకు సాధారణపు నమోదే కావలెను.

తుదకు మూడవ జీపును కొంటిమి. వెల గాక, బ్రేకులకును సీటుబెల్టులకును వేఱుగా సొమ్ము తీసి యుంచి, ఆ పని ముగిసినపిదపనే అమ్మాయిని ఎక్కించితిమి. మా బండి లీటరుకు 11 కిలోమీటర్లు నడచును; రోజునకు 28 కిలోమీటర్లనగా రెండున్నర లీటర్లకు పైమాటే. చప్పుడు, వేడి, కుదుపు తప్పవు. హైదరాబాదు పోవలసినచో మేము రైలే యెక్కుదుము.

ఇంట మూడు కట్టుబాట్లు చేసితిని. ముంగిట ఇంజనును ఊరక తిరుగనీయరాదు. డీసెలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనామండలి 2012లో నిర్ణయించినది. వాగు పొంగి దారి మునిగినచో, జీపే గదా యని దిగక మరలిరావలెను. నెలకొకమారు బ్రేకు చూపింపవలెను.

దారి చెడినదై, దూరము కొలదియై, నమ్మిన మిస్త్రీ దగ్గఱనున్నచో పాతజీపు తగును. మోజుకొఱకే యైనచో తగదు. గత వానకాలమంతయు మావారు బట్టలకు బురద యంటక, ఎముక విఱుగక ఇల్లు చేరిరి. మా సంసారమునకు ఆ లెక్క చాలును.